పాప గుండె ఆపరేషన్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పరీక్షలు: నా అనుభవం

నిన్న, అంటే 2025 ఏప్రిల్ 12న, మా పాపకి ఆపరేషన్ తర్వాత మూడు నెలల చెకప్ అయింది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె ఎంత అవస్థ పడుతోందో చెప్పే రక్తపరీక్ష) 186 వచ్చింది. పోయిన ఆగస్టు నుంచి ఈ రక్తపరీక్ష పాపకి పదకొండుసార్లు చేశారు, మధ్యలో ఒకసారి పొరపాటున దీని బదులు వేరే పరీక్ష జరిగింది (ఆ సంగతి కింద రాశాను, మిగతాది చదవకపోయినా అది చదవండి). దీని గురించి తెలుగులో వివరంగా చెప్పినవాళ్ళు మాకు ఒక్కరూ దొరకలేదు, నెట్‌లో చూస్తే అంతా పెద్దవాళ్ళ గురించే. ఆ అంకెలు పట్టుకుని నేను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకే తెలుసు. అందుకే తేదీలు, ఖర్చులతో సహా రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, మాది సూర్యాపేట, ఇంట్లో మిషన్ కుడతాను. మా పాపకి ఏం జరిగిందో అదే రాస్తున్నాను.

పాప పుట్టింది 2024 జులై 9న. బరువు 2.8 కిలోలు, నార్మల్ డెలివరీ, మూడో రోజు ఇంటికొచ్చేశాం. మూడు వారాలు అంతా బాగానే ఉంది. తర్వాత పాల దగ్గర తేడా మొదలైంది. ఐదు నిమిషాలు తాగేది, వదిలేసి రొప్పేది, అలిసిపోయి కళ్ళు మూసేది, పావుగంటకి మళ్ళీ ఆకలికి ఏడ్చేది. తాగుతున్నప్పుడు నుదుటి మీద, పై పెదవి మీద సన్నగా చెమట చుక్కలు లేచేవి, ఫ్యాన్ కిందే ఉన్నా సరే. తల కింద పరిచిన పాత చీర ముక్క పిండితే నీళ్ళొచ్చేంత తడిసేది. "ఉక్కకి బిడ్డా, చంటిపిల్లలకి చెమట పడితే మంచిదే" అంది అత్తమ్మ. నేనూ అదే అనుకున్నాను. ఆ చెమట సంగతి ఆ మూడు వారాల్లో ఏ డాక్టర్‌కైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధ ఉంది.

ఆగస్టు 20న ఆరు వారాల టీకాలకి తీసుకెళ్ళాం. బరువు చూస్తే 3.2. డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు తియ్యలేదు. తర్వాత పాప చొక్కా పైకెత్తి డొక్కలు చూపించింది, ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతోంది. రోజూ స్నానం చేయించే నాకు అది కనిపించలేదా అనిపించి అక్కడే ఏడ్చేశాను. "గుండెలో శబ్దం వస్తోందమ్మా, ఎకో (గుండె స్కానింగ్) చేయించండి, ఆలస్యం చెయ్యొద్దు, పిల్లల గుండె డాక్టర్ దగ్గరికే వెళ్ళండి" అని చీటీ రాసిచ్చింది.

ఆగస్టు 24, శనివారం, తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళాం. ఎకోకి 2,000 తీసుకున్నారు. పాప కదలకుండా ఉండాలి కాబట్టి నిద్రమందు వేశారు, అది పట్టడానికి గంటన్నర. గుండె కింది గదుల మధ్య గోడకి 7 మిల్లీమీటర్ల రంధ్రం, వీఎస్‌డీ అంటారు, ఆ వయసు పిల్లకి అది పెద్దదే అన్నారు. మరి పుట్టగానే ఎందుకు తెలియలేదని మా ఆయన అడిగారు. పుట్టినప్పుడు ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువ ఉంటుందట, అందుకని రంధ్రం గుండా రక్తం అటు పెద్దగా పోదట. వారాలు గడిచే కొద్దీ ఆ ఒత్తిడి దిగుతుంది, అప్పుడు మంచి రక్తం ఒంటికి పోవాల్సింది పోయి ఊపిరితిత్తుల్లోకే మళ్ళీ మళ్ళీ పోతుంది, గుండె రెట్టింపు పని చేస్తుంది. మూడు వారాలు బాగుండి తర్వాత తేడా వచ్చింది అందుకే. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారని డాక్టర్ గారు అన్నప్పుడు నా చెవుల్లో గుయ్‌మంది. గుండె ఆగిపోవడం కాదమ్మా, పని భారం తట్టుకోలేకపోవడం అని రెండోసారి చెప్పాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

రక్తపరీక్ష చీటీ అప్పుడే రాశారు. బిల్లు కౌంటర్ దగ్గర 2,400 కట్టి రసీదు తీసుకున్న మా ఆయన ముఖం పాలిపోయింది. దాని మీద బ్రెయిన్ నేట్రియురెటిక్ పెప్టైడ్ అనే మాట ఉంది. "గుండె అన్నారు, మళ్ళీ బ్రెయిన్ ఏంది?" అని నా చెయ్యి పట్టుకున్నారు. పాప మెదడుకి కూడా ఏదో అయిందని, మాకు చెప్పడం లేదని ఇద్దరం అనుకున్నాం. మళ్ళీ లోపలికెళ్ళి అడిగితే తెలిసింది, ఈ హార్మోన్‌ని 1988లో జపాన్ వాళ్ళు మొదట పంది మెదడులో కనిపెట్టారట, అందుకని పేరులో మెదడు ఉండిపోయింది, అసలు ఎక్కువగా తయారయ్యేది గుండెలోనే. మీ బిల్లు మీద కూడా ఆ మాట కనిపిస్తే భయపడకండి.

రక్తం తియ్యడం గురించి. పాపకి ఆకలి కడుపుతో తియ్యాలేమో అని నేను మూడు గంటలు పాలివ్వలేదు. ఈ పరీక్షకి ఆ అవసరమే లేదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, పాప ఏడ్చి ఏడ్చి నీలంగా అయింది. చంటిపిల్లల నరం దొరకడం చాలా కష్టం, మొదటిరోజు నాలుగుసార్లు గుచ్చారు. పైగా గంట తర్వాత ల్యాబ్ నుంచి ఫోన్, రక్తకణాలు పగిలాయి, శాంపిల్ మళ్ళీ ఇవ్వాలని. రెండోసారి తీసిన సిస్టర్ మాత్రం గ్లౌజులో గోరువెచ్చని నీళ్ళు పోసి ముడివేసి పాప చేతి మీద పెట్టింది, ఐదు నిమిషాలకి నరం పైకి కనిపించింది, ఒక్క పోటుతో అయిపోయింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా నేనే అడిగి పెట్టించేదాన్ని. టోపీ, చేతికి ఉన్ని గుడ్డ కూడా పట్టుకెళ్ళేదాన్ని, ఏసీ గదిలో చేతులు చల్లబడితే నరం అసలు దొరకదు.

రిపోర్టు మూడు గంటలకి వచ్చింది. 4,860. పక్కన ఉండాల్సింది అని అచ్చు వేసి ఉంది, 125 లోపు. 125 ఎక్కడ, 4,860 ఎక్కడ. డాక్టర్ గారు ఇంకో పేషెంట్‌తో ఉన్నారు, మేము నలభై నిమిషాలు బయట కూర్చున్నాం, ఆ నలభై నిమిషాల్లో మా ఆయన ఫోన్‌లో వెతికి, అంత ఉంటే మనిషి బతకడం కష్టమని ఎక్కడో చదివి, ఫోన్ జేబులో పెట్టేసి మాట్లాడలేదు.

లోపలికి వెళ్ళాక డాక్టర్ గారు మొదట చేసిన పని, ఆ 125ని పెన్నుతో కొట్టేయడం. అది పెద్దవాళ్ళ లెక్క. ఆరోగ్యంగా పుట్టిన పిల్లలకే మొదటి కొన్ని రోజులు ఇది వేలల్లో ఉంటుందట, తర్వాత వేగంగా దిగి, నెల దాటాక వందల్లోకి వస్తుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆరు వారాల పిల్లకి 4,860 ఎక్కువే, అది నిజం, కానీ మేము బయట కూర్చుని ఊహించుకున్నంత కాదు. "పాప రంధ్రం ఎంతుందో ఎకో చెబుతుంది. ఆ రంధ్రం వల్ల గుండె ఎంత అవస్థ పడుతోందో ఇది చెబుతుంది" అన్నారు.

గుండె గదులు రక్తంతో సాగిపోయినప్పుడు ఆ కండరమే ఈ హార్మోన్ వదులుతుందట, నీళ్ళు, ఉప్పు బయటికి పంపమని మూత్రపిండాలకి కబురు, రక్తనాళాలకి వదులవ్వమని కబురు. నాకు అది విన్నప్పుడు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మాట రాని పిల్ల గుండె లోపల్నుంచి సాయం అడుగుతోంది అనిపించింది. ఎన్‌టీ-ప్రో అని ముందు ఎందుకు ఉందో కూడా అడిగాను. ఆయన పల్లికాయతో పోల్చి చెప్పారు. గుండె ముందు కాయ మొత్తం తయారుచేస్తుంది, అది రెండుగా విడిపోతుంది. పప్పు బీఎన్‌పీ, దాన్ని ఒళ్ళు వాడేసుకుంటుంది, ఇరవై నిమిషాల్లో సగం అయిపోతుంది. పొట్టు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఒంటికి దానితో పని లేదు కానీ గంటా రెండు గంటల దాకా నిలుస్తుంది, అందుకని లెక్కపెట్టడం తేలిక. పొట్టు చూసి ఎన్ని పల్లీలు ఒలిచారో చెప్పినట్టు. ఆ పొట్టు పోయేది ఎక్కువగా మూత్రపిండాల నుంచే కాబట్టి ప్రతిసారీ క్రియాటినిన్ (మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) కూడా చూస్తారు, అది పెరిగితే ఈ అంకె కూడా పెరుగుతుంది. వీటితో పాటు సోడియం, పొటాషియం, అవి మందుల వల్ల తేడా వస్తోందేమో చూడటానికి.

మందులు మూడు ఇచ్చారు. నీరు పోవడానికి రెండు, గుండె మీద భారం తగ్గించడానికి ఒక మాత్ర. ఆ మాత్ర చిన్నపిల్లల సైజులో దొరకదు, 5 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, చెప్పినంత సిరంజితో తీసి, మిగతాది పారబోయాలి. ప్రతి పూటా. సిరంజి గీతలు సరిగ్గా కనపడక నేను కుట్టుమిషన్ లైటు కింద పెట్టి చూసేదాన్ని. పాలు పిండి ఉగ్గుగిన్నెతో రెండు గంటలకోసారి పట్టమన్నారు, రొమ్ము దగ్గర అలిసిపోతోంది కాబట్టి. పాలలో ఎంసీటీ నూనె చుక్కలు కలపమన్నారు, తక్కువ పాలలో ఎక్కువ బలం రావడానికి. రాత్రి ఒంటిగంటకి, మూడింటికి, ఐదింటికి అలారం. ఆ నాలుగు నెలలు నాకు రాత్రీ పగలూ తేడా తెలియలేదు.

సెప్టెంబర్ 21న రెండో చెకప్. బరువు 3.6, అంకె 3,150. దిగింది. బస్సులో పాపని ఎత్తుకుని ఇంటి దాకా నవ్వుతూనే వచ్చాను.

ఇప్పుడు ఆ పొరపాటు. అక్టోబర్‌లో బతుకమ్మ, దసరా, బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. పసిపిల్లతో ఈ రద్దీలో రావొద్దు, అక్కడే రక్తపరీక్ష చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపండి అన్నారు. అక్టోబర్ 8న మా ఊళ్ళోనే ఒక కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చాం, 1,900 రూపాయలు, మర్నాడు సాయంత్రం రిపోర్టు. 410.

4,860 నుంచి 3,150, అక్కడి నుంచి 410. మా ఆయన ఏడ్చేశారు. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. అత్తమ్మ సద్దుల బతుకమ్మకి ఐదు రకాల సద్దులు చేసింది, రంధ్రం దానంతటదే పూడుతోందని వాడకట్టంతా చెప్పింది. ఇంత తగ్గింది కదా, నీరు పోయే మందు ఒక పూట మానేద్దామా అని మా ఇంట్లో మాట వచ్చింది, నిజం చెప్పాలంటే ఆ మాట అన్నది నేనే. మందు వేసినప్పుడల్లా పాప కక్కేది, చూడలేకపోయేదాన్ని. డాక్టర్ గారికి రిపోర్టు పంపి, అడిగి, జవాబు కోసం ఆగాం. అలా ఆగడం మా అదృష్టం. పండగ కాబట్టి రెండు రోజులకి జవాబు వచ్చింది. "ఇది బీఎన్‌పీ. మనం చూసేది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. ఒక్క మందు కూడా ఆపొద్దు."

రిపోర్టు తీసి చూస్తే నిజమే, పైన బీఎన్‌పీ అనే ఉంది. చీటీ మీద సరిగ్గానే రాసి ఉంది, సెంటర్‌లో అబ్బాయి రెండూ ఒకటే అనుకుని కంప్యూటర్‌లో అది కొట్టాడు, మేమూ చూసుకోలేదు. పప్పు లెక్క వేరు, పొట్టు లెక్క వేరు. ఒకే పిల్లకి ఒకే రోజు రెండూ చేసినా పొట్టు అంకె చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది, ఒకదాని పక్కన ఇంకోటి పెట్టి చూడటానికే లేదు. అక్టోబర్ 19న హైదరాబాద్‌లో మళ్ళీ సరైనది చేస్తే 3,720. అంటే తగ్గడం కాదు, సెప్టెంబర్ కంటే పెరిగింది. బరువు 3.9, నెలలో మూడు వందల గ్రాములు.

ఆ రోజు నుంచి నేను ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టాను. తేదీ, పరీక్ష పూర్తి పేరు, ఏ ల్యాబ్, ఏ యూనిట్, ఆ రోజు బరువు, ఆ వారం పాలు ఎంత తాగింది, చెమట ఉందా లేదా. యూనిట్ ఎందుకంటే, ఒక్కో ల్యాబ్ ఒక్కోలా వేస్తుంది, మాకు ఎప్పుడూ ఒక మిల్లీలీటరుకి ఇన్ని పికోగ్రాములు అనే ఉండేది, అది మారితే అంకె కూడా మారిపోతుందట. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. డబ్బు కట్టే ముందు రసీదు మీద పరీక్ష పేరు చదివించుకోండి, చదవడం రాకపోతే పక్కవాళ్ళనైనా అడగండి.

నవంబర్ 18న పాపకి నిమ్ము చేసింది. ముందురోజు కొంచెం జలుబు, మర్నాటికి ఊపిరి ఎగపోస్తోంది. ఊళ్ళో ఆక్సిజన్ పెట్టించుకుని అంబులెన్స్‌లో హైదరాబాద్, మూడు గంటల దారి నాకు మూడు రోజుల్లా అనిపించింది. చేర్చిన రోజు అంకె 9,240. ఈసారి నేను ఫోన్‌లో ఏదీ వెతకలేదు, డాక్టర్ గారు వచ్చేదాకా పాప గోళ్ళ రంగు చూస్తూ కూర్చున్నాను. ఇన్ఫెక్షన్ వల్ల కూడా గుండె మీద ఒత్తిడి పెరిగి అంకె పెరుగుతుంది, ఇది తగ్గాక మళ్ళీ చూద్దాం అన్నారు. ఎనిమిది రోజులకి 4,400కి వచ్చింది. అప్పుడే ఆపరేషన్ మాట గట్టిగా చెప్పారు. నేను అడిగాను, "సార్, అంకె మూడు వేల కిందికి దిగితే ఆగొచ్చా?" ఆయన తల అడ్డంగా ఊపారు. "అంకె చూసి ఆపరేషన్ చెయ్యనమ్మా. పాప పెరగడం లేదు, పాలు తాగలేకపోతోంది, ఊపిరితిత్తుల్లో ప్రెషర్ ఎక్కువుంది. ఇంత పెద్ద రంధ్రాన్ని చాలాకాలం వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడతాయి, అప్పుడు మూసినా లాభం ఉండదు. నేను చెబుతున్నదాన్నే ఈ అంకె కూడా చెబుతోంది, అంతే." నిమ్ము పూర్తిగా తగ్గి ఊపిరితిత్తులు కోలుకోవాలని ఆరు వారాలు గడువు పెట్టారు.

ఆ ఆరు వారాలు కాగితాల పని. ఒంగోలులో ఉన్న మా పిన్ని, తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి ఉంది, 2021లో పెట్టారు, అక్కడికి రండి అంది. మాకు హైదరాబాద్ దగ్గర, పాపని చూసే డాక్టరూ ఇక్కడే ఉన్నారు, కార్డు మీద ఆరోగ్యశ్రీలో అవుతుందన్నారు కాబట్టి ఇక్కడే ఉన్నాం. రేషన్ కార్డులో పాప పేరు లేదు. అందుకు మేము పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆరోగ్యమిత్ర డెస్క్‌లో కూర్చున్న అమ్మాయి జనన ధృవపత్రం, మా ఆధార్లు, పాపని ఎత్తుకున్న నా ఫొటో తీసుకుని అప్‌లోడ్ చేసింది. అనుమతి నాలుగు రోజులకి వచ్చింది. ఆపరేషన్‌కి, ఐసీయూకి, ఆ లోపల చేసిన పరీక్షలకి మేము డబ్బు కట్టలేదు. కానీ చేరకముందు ఓపీలో చేసినవి, ఇంటికొచ్చాక చేసినవి అన్నీ మా జేబులోంచే. అంబులెన్స్, ఎకోలు, పరీక్షలు, బయట గది అద్దె, తిండి, రానూపోనూ కలిపి మొత్తం 84,000 అయింది, ఇందులో నా మెడలో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినవి 50,000. రక్తదాతలు నలుగురు కావాలంటే మా ఆయన దోస్తులు ఐదుగురు బండ్ల మీద వచ్చారు, వాళ్ళ రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలియదు.

జనవరి 6న చేరాం. బరువు 4.7, అంకె 3,380. 8వ తేదీ బుధవారం ఆపరేషన్. తెల్లవారుజామున నాలుగింటికి చివరి పాలు. ఏడున్నరకి సిస్టర్ చేతులు చాపింది, పాప నా కొంగు పట్టుకుని ఉంది, వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించి ఇచ్చాను. మధ్యాహ్నం రెండుంపావుకి సర్జన్ గారు వచ్చి రంధ్రానికి ప్యాచ్ వేశాం, గుండె-ఊపిరితిత్తుల మెషిన్ నుంచి సాఫీగా బయటికొచ్చింది అన్నారు. సాయంత్రం ఐదింటికి నన్ను ఒక్కదాన్ని రెండు నిమిషాలు లోపలికి పంపారు. నోట్లో గొట్టం, ఛాతీ కింద రెండు గొట్టాలు, పొట్ట మీద సన్నటి తీగలు, ముఖం ఉబ్బిపోయి ఉంది. నా పాపని నేను గుర్తుపట్టింది కుడిచెవి కింద ఉన్న పుట్టుమచ్చతో. ముందుగా ఎవరైనా చెబితే తట్టుకోవచ్చు, అందుకే మీకు చెబుతున్నాను. ఉబ్బు మూడు రోజుల్లో దిగిపోయింది.

మర్నాడు పొద్దున వెంటిలేటర్ తీసేశారు. మధ్యాహ్నం రౌండ్స్ అయ్యాక మా ఆయన ఫైల్లో రిపోర్టు చూసి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. 14,300.

రంధ్రం మూసేశారు కదా, మూడు వేలున్నది పద్నాలుగు వేలు ఎట్లా అయింది? ఆపరేషన్ ఫెయిలైందనే అనుకున్నాం. సాయంత్రం దాకా మాకు చెప్పేవాళ్ళు దొరకలేదు. అందరూ పనిలో ఉన్నారు, తప్పు పట్టడానికి లేదు, కానీ ఆ ఐదు గంటలు పగవాళ్ళకి కూడా వద్దు. చివరికి డ్యూటీ డాక్టరమ్మ బయటికొచ్చి నిలబడే చెప్పింది. గుండెని ఆపి, కోసి, కుట్టి, మళ్ళీ కొట్టుకునేలా చేశారు, ఆ దెబ్బకి మొదటి రోజు రెండు రోజులు ఈ హార్మోన్ పెరగడం మామూలే, దిగుతోందా లేదా అన్నదే చూడాలి, దిగకుండా పైకి పోతుంటే అప్పుడు ఆలోచిస్తాం. పాప మూత్రం బాగా పోస్తోంది, చేతులు కాళ్ళు వెచ్చగా ఉన్నాయి, బీపీ బాగుంది, మీరు వెళ్ళి అన్నం తినండి అంది. ఆపరేషన్‌కి ముందు సంతకాలు పెట్టించుకునేటప్పుడే ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

12న 6,100. 13న భోగి. ఆ రోజు పాపని ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. ఇంట్లో ఉంటే భోగిపండ్లు పోసేవాళ్ళం. మా అమ్మ ఊరి నుంచి రేగుపండ్లు కొంగున కట్టుకుని తెచ్చింది, లోపలికి తేవొద్దన్నారు, గేటు దగ్గరే చేతిలో పట్టుకుని పాప ఉన్న అంతస్తు వైపు చూస్తూ మూడుసార్లు తిప్పి సెక్యూరిటీ ఆయన పిల్లలకి ఇచ్చేసింది. 17న డిశ్చార్జి, అంకె 2,150.

ఇంటికొచ్చాక పాపని చంకల కింద చేతులు పెట్టి ఎత్తొద్దన్నారు, ఛాతీ ఎముక అతకడానికి ఆరు వారాలు పడుతుంది, తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తాలి. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ముందు ఇది నేర్పించండి, మా ఇంట్లో గుమ్మం దగ్గరే చీటీ రాసి అంటించాను. మందులు ఒక్కొక్కటిగా తగ్గించారు. ఫిబ్రవరి 15న అంకె 470, బరువు 5.6. మొదటి నీరు మందు ఆ రోజే ఆపేశారు. చీటీ మీద ఆ పేరు కొట్టేసిన గీతని నేను ఫొటో తీసి పెట్టుకున్నాను.

అంతకంటే ముందే నాకు ఒక సంగతి తెలిసింది. జనవరి నెలాఖరులో, ఏ తేదీయో రాయలేదు, పాప రొమ్ము పట్టుకుని ఇరవై నిమిషాలు ఆగకుండా తాగింది. నేను అలవాటు ప్రకారం నుదురు తుడవబోయాను, గుడ్డ పొడిగా ఉంది. పెదవి మీద చూశాను, మెడ వెనక చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా తడి లేదు. ఆయన్ని నిద్రలేపి చెయ్యి పట్టుకుని పాప తల మీద పెట్టించాను.

నిన్న బరువు 6.9. ఎకోలో ప్యాచ్ బాగుంది, లీకు లేదు, ఊపిరితిత్తుల ప్రెషర్ దిగింది. 186 ఈ వయసుకి మామూలే అన్నారు. అన్ని మందులూ ఆపేశారు. అన్నప్రాసన ఆపరేషన్ వల్ల ఆగిపోయింది, ఈ నెలలోనే పెట్టుకుంటాం. తర్వాతి చెకప్ అక్టోబర్‌లో. దానికి రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలి అని నోట్‌బుక్ తీసి అడిగాను. "బరువు పెరిగి, పాలు తాగి, ఆడుకుంటుంటే ఎందుకమ్మా గుచ్చడం, ఎకో ఒక్కటి చాలు, ఏదైనా తేడా కనిపిస్తే అప్పుడు చూద్దాం" అన్నారు. సరే అన్నాను. నోట్‌బుక్‌లో పదకొండో గడి దాకా నిండింది. వచ్చే దారిలో పాప ఆ పేజీ మూల పట్టుకుని నములుతూ ఉంది, మధ్యలో కొంచెం చిరిగింది, కానీ అంకెలు కనిపిస్తున్నాయి. ఎవరికైనా ఆ పట్టిక మొత్తం కావాలంటే అడగండి, ఫొటో పెడతాను.